స్టీవెన్సన్ సమోవా వాసము : కడపటి రచనలు

ఆంగ్ల వాఙ్మయముతో కొంచెమైనను పరిచయముగల తెలుగువారిలో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ పేరు విననివారు అరుదు. ఆంగ్లము రాని పిల్లలు సయితము నండూరి రామమోహనరావు 'కాంచన ద్వీపం' మూలమున అతని 'ట్రెజర్ ఐలండు' కథ నెఱుగుదురు. ద్వీపమును గూర్చి కథ చెప్పి కీర్తి గాంచిన ఆ రచయిత, తన జీవితపు తుది నాలుగేండ్లును పసిఫిక్ మహాసముద్రమందలి సమోవా దీవులలో గడపి, అచ్చటనే కన్ను మూసెను. ఈ సంగతి తెలిసినవారు దానినొక వింతగా చెప్పుకొందురు. ఆ నాలుగేండ్లలో అతడు వ్రాసిన దేమి, ఆ వ్రాతకును స్వదేశమునుండి కలిగిన దూరమునకును సంబంధమేమి యను విచారణ మాత్రము తక్కువ.

ఆనాటి లండను మిత్రులు ఆ ద్వీపవాసమును మెచ్చలేదు. సిడ్నీ కాల్విన్ అతనికి ఆప్తుడు. అతని గ్రంథముల ముద్రణ వ్యవహారములు చక్కబెట్టినవాడు. సమోవా నుండి వచ్చు ఉత్తరములనిండ తోటపనులు, దీవిరాజకీయములు, అచ్చటి నాయకుల కలహములు కనబడుట చూచి కాల్విన్ విసుగుకొనెను. ఇట్టి స్నేహితుల తలంపున, నాగరికులతో సంభాషణ లేనిచోట రచయిత కలము మొద్దుబారును; పాఠకులకు పట్టని విషయములపై శక్తి వ్యర్థమగును. స్టీవెన్సన్ చనిపోయిన పిదప పెక్కేండ్లవరకు విమర్శకులలో ననేకులు ఈ మాటనే కొద్దిపాటి మార్పులతో పలికిరి. కాని ఆ కాలపు రచనలను వరుసగా చదివి చూచినచో ఈ తీర్పు నిలువదు. అతని గద్యమందలి మెరుగులు తగ్గి బలము పెరిగినది ఆ దీవిలోనే. అంతకంటె విశేషము, చిన్ననాడు దాది నోట విన్న దేశభాష అతని గద్యమున నిండుగా ప్రవహించినది కూడ, ఆ భాష పలుకువా రొకరిద్దరు తప్ప లేని ఆ దూరపు గడ్డమీదనే.

అతని జీవితకథ ఇచ్చట విస్తరింప నక్కరలేదు. 1850 నవంబరు 13వ తేదీన ఎడింబరో నగరమున జన్మించెను. తాతనాటినుండి ఆ కుటుంబమువారు ఓడలకు దారిచూపు దీపస్తంభములను కట్టుటలో పేరుపొందిరి. అతడు ఇంజనీరు చదువు మొదలుపెట్టి విడిచి, న్యాయశాస్త్రము చదివి 1875లో వకీలయ్యెను గాని, ఆ వృత్తిలో నిలువలేదు. ఊపిరితిత్తుల వ్యాధి బాల్యమునుండియు వెన్నాడుచుండెను. 1887లో తండ్రి మరణించిన పిదప, ఆ ఆగస్టు మాసమున భార్య ఫానీతోను, తల్లితోను, భార్య మొదటి పెండ్లి కుమారుడగు లాయిడ్‌తోను అమెరికాకు బయలుదేరెను. మరల ఐరోపా ఖండమున అడుగుపెట్టలేదు. 1888 జూను మాసమున సాన్ ఫ్రాన్సిస్కో రేవునుండి 'కాస్కో' అను పడవ నద్దెకు మాటలాడుకొని మార్క్వెసాస్, తాహితి, హవాయి దీవులు తిరిగెను. సముద్రపు గాలి అతని రొమ్మునకు మేలు చేసెను. 1889 డిసెంబరులో సమోవా దీవులలోని ఉపోలునందలి ఆపియా రేవున దిగి, మరుసటి యేడు ఊరికి మూడు మైళ్ల దూరమున, వాయియా కొండ పాదమున, అడవిభూమి కొని ఇల్లు కట్టుకొనెను. ఆ చోటికి వైలీమా యని పేరు.

ఆ ఇంటిని గూర్చి ఒకటిరెండు వివరములు మాత్రము చెప్పవలెను. ఎండకు చెమటలు గ్రమ్ము దేశమున అతడు తన యింట చలిమంట వేసుకొను పొయ్యి కట్టించెను. పండుగనాళ్లలో ఇంటి సేవకులు కట్టుకొను లుంగీలు స్కాట్లండు స్టూవర్టు వంశపు గళ్ల బట్టతో కుట్టించినవి. సాయంకాలపు ప్రార్థన మాత్రము సమోవా భాషలో జరుగుచుండెను. ఇవి వేడుకలుగా కనబడును, నవ్వినవారును లేకపోలేదు. పొరుగుసీమలలో తరతరాలుగా కాపురమున్న కుటుంబములకు ఆ పొయ్యిని చూచి నవ్వు రాదు. హోసూరు ప్రాంతమున గాని బరంపురమున గాని, బజారులో ఒక భాష, పూజగదిలో ఒక భాషగా బ్రతుకు ఇండ్లవారికి దాని అర్థము చెప్పనక్కరలేదు.

స్టీవెన్సన్ దీవులవారి నడుమ మెలగిన తీరు అతని రచనను మార్చినది. ఈ మార్పు 'ఇన్ ది సౌత్ సీస్' అను యాత్రాగ్రంథమునందే కనబడును. మార్క్వెసాస్ దీవులలో మాటలు కలియని మనుష్యులను పలుకరించుటకు అతడు కనుగొన్న ఉపాయము చిత్రమైనది. తన దేశపు దయ్యాలకథ నొకటి, వంశవైరముల కథ నొకటి ముందు తాను చెప్పును. వినినవారు తమ కథలు బయటికి తీయుదురు. 1745 తిరుగుబాటు ఓడిన పిమ్మట స్కాట్లండు కొండసీమలవారి ఆయుధములును, వేషమును, నాయకుల అధికారమును పోయిన వైనమును, ఫ్రెంచివారి యేలుబడిలో మార్క్వెసాస్ వారికి కలిగిన దురవస్థను అతడు ప్రక్కప్రక్కన నిలిపి చూచెను. సాధారణముగా ప్రవాసి తన సంప్రదాయమును ఇతరుల కంటబడకుండ దాచుకొనును; లేదా వారికంటె తా నధికుడనని చాటుటకు వాడుకొనును. స్టీవెన్సన్ దానిని తాళపుచెవిగా వాడుకొని పరుల యిల్లు తెరచెను. తన యూరి కథలు చక్కగా తెలియనివానికి ఈ ఉపాయము పొసగదు.

కథకునిగా అతనికి ఆ దీవులలో లభించిన మర్యాద గూడ ఇట్టిదే. 'ది బాటిల్ ఇంప్' అను కథ 1891లో ఆంగ్లమున పత్రికలో వెలువడెను. ఆ యేడే క్రైస్తవ మిషనువారి సమోవా భాషాపత్రికలో ఆ భాషలో అచ్చయినది. కోరిన దెల్ల నిచ్చు సీసా ఒకటి కలదు. దానిని కొన్నవెలకంటె తక్కువకే అమ్మవలెను. ఎవ్వని చేతనుండగా చావు వచ్చునో వాడు నరకమునకు పోవును. ఈ కథాబీజము పాత ఐరోపా కథలోనిదే. ఆంగ్ల రంగస్థలముపై నాటకముగా గూడ ఆడినదే. అతడు దానిని హవాయి దీవి యువకుడగు కేయావేకు, అతని భార్య కొకువాకు అప్పగించెను. కథకు కీలకము నాణెముల లెక్క. అమెరికా సెంటు కంటె తక్కువ విలువగల సాంతీము తాహితిలో చెల్లును గనుక, సీసాను వదిలించుకొనుటకు దంపతు లచ్చటికి పోవుదురు. వలసరాజ్యముల నాణెములు దీవికొక తీరుగా చెలామణి యగుట నిత్యము చూచువారికే తట్టు సూక్ష్మమిది. సమోవా పాఠకులు కొందరు వైలీమాకు వచ్చినపుడు, ఇంత యిల్లు కట్టిన ధనమా సీసా యిచ్చినదే గదా యని, దాని నొకసారి చూపుమని యడిగెడివారని చెప్పుదురు. వారతనికి పెట్టిన పేరు 'తూసితాలా', అనగా కథలు వ్రాయువాడు.

ఈ కాలపు కథలలో మేలైనది 'ది బీచ్ ఆఫ్ ఫలేసా'. ఇది 1892లో లండను సచిత్రపత్రికలో మొదట వెలువడి, 1893లో 'ఐలండ్ నైట్స్ ఎంటర్‌టెయిన్‌మెంట్స్' అను సంపుటమున చేరెను. దీనిని కొంత నిదానించి చూడవలెను.

కథ చెప్పువాడు విల్ట్‌షైర్ అను తెల్లవర్తకుడు. చదువు తక్కువ, మాట మోటు, దీవివాసులను తనకంటె హీనులుగా తలచువాడు. ఫలేసా అను ఊరికి కొత్తగా వచ్చిన యీతనికి, అచ్చట ముందునుండి వర్తకము చేయుచున్న కేస్ అనువాడు ఊమా యను దీవికన్యను చూపి పెండ్లి చేయించును. ఆ పెండ్లి బూటకము. పురోహితుని వేషము వేసినవాడు ఏదో నవల చేతబట్టి చదివినట్లు నటించును. పిదప ఒక కాగితము వ్రాసి యిత్తురు. ఈ స్త్రీ ఒక్క రాత్రికి ధర్మవిరుద్ధముగా పెండ్లియైనదనియు, మరునాడు ఆమెను తోలివేయుటకు భర్తకు స్వేచ్ఛ కలదనియు దాని సారాంశము. ఊమాకు ఆంగ్లము చదువరాదు. ఆ కాగితమును ఆమె బంగారము దాచుకొన్నట్లు దాచుకొనును.

కథయంతయు ఈ కాగితముపై నిలిచియున్నది. తెలియని భాషలో వ్రాసిన పత్రమును నమ్మి మోసపోయిన స్త్రీ. అందేమి వ్రాసియున్నదో తెలిసి సిగ్గుపడు పురుషుడు. విల్ట్‌షైర్ మహాత్ముడు గాడు. అయినను ఆ కాగితమును ఆమె భద్రపరచిన తీరు వానిని కలచివేయును. తరువాత అచ్చటికి వచ్చిన మిషనరీచేత నిజమైన పెండ్లి చేయించుకొనును. ఊమాను ఊరివారు వెలివేసి యుండిరనియు, ఆ వెలి తనకును తగిలి తన అంగడికి ఒక్క బేరమైనను రాకుండ చేయుటకే కేస్ యీ పెండ్లి కూర్చెననియు వానికి క్రమముగా తెలియును. కేస్ అడవిలో చెట్లకు గాలి వీణెలు కట్టి, చీకటిలో మెరయు రంగు పూసిన దయ్యపు ముఖములు నిలిపి ఊరివారిని భయపెట్టుచుండును. దీవులవారి మూఢనమ్మకమని తెల్లవారు పరిహసించుదానిలో సగము తెల్లవాడు రంగుపూసి తయారుచేసినదే యని కథ చూపును. ఆ మాట కథకుడు నోరు విప్పి చెప్పడు; రంగుడబ్బా చూపి ఊరకుండును.

లండను సంపాదకులకు ఈ కథ మింగుడుపడలేదు. పత్రికలో పెండ్లికాగితమును తొలగించిరి. పుస్తకమున దానిని చేర్చినపుడు ఒక్క రాత్రి యన్నదానిని ఒక్క వారముగా మార్చిరి. ఒక రాత్రి పెండ్లి యవినీతికరమట, వారము పెండ్లి కాదట! బేరీ మెనికాఫ్ వ్రాతప్రతిని పరిశీలించి 1984లో ప్రకటించువరకు, స్టీవెన్సన్ వ్రాసిన పాఠము పాఠకులకు పూర్తిగా దొరకలేదు. దూరమున నుండుటచే అతని కలము చెడిపోయెనన్న విమర్శకులు చదివినది సంపాదకులు కత్తిరించిన పాఠమని ఇచ్చట గుర్తుంచుకొనవలెను.

కథ ముగింపు గూడ ఆ కాలమునకు కొత్తది. విల్ట్‌షైర్ కడవరకు తన దురభిమానములను పూర్తిగా విడువడు. స్వదేశమునకు మరలు ఆశ వదలుకొని, తనకు పుట్టిన కూతుండ్రకు తగిన వరులెట్లు దొరకుదురని తల పట్టుకొని కూర్చుండును. తానెవరిని తక్కువగా చూచెనో వారి రక్తమే తన బిడ్డలలో నున్నది. రచయిత యిచ్చట పాఠకునికి నీతి బోధింపడు; విల్ట్‌షైర్‌ను వాని భాషలోనే మాటలాడనిచ్చి తప్పుకొనును. రేవుల యాస, వర్తకుల పలుకుబడి, దీవివారి ముక్కల ఆంగ్లము చెవి నిండ వినినవాడు వ్రాసిన కథ యిది. దూరమున కూర్చుండి దీవులను ఊహించినవానికి సాధ్యమైనది 'ట్రెజర్ ఐలండు'. అందలి ద్వీపమున నిధి యున్నది, దొంగలున్నారు; కాపురమున్న ప్రజలు లేరు.

'ది ఎబ్ టైడ్' 1894లో వెలువడినది. లాయిడ్ ఆస్బర్న్‌తో కలిసి మొదలుపెట్టినను చివరకు స్టీవెన్సన్ చేతనే రూపొందినది. తాహితి రేవున తిండిలేక తిరుగు ముగ్గురు తెల్లవారి పతన మందలి విషయము. వారిలో హెరిక్ అనువాడు ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. వాని జేబులో చినిగిన వర్జిల్ కావ్యము మాత్రము మిగిలియున్నది. నాగరికతను మోసికొనిపోవువారమని చెప్పుకొను జాతి యెట్టి మనుష్యులను ఆ తీరములపై పారవేసెనో ఇంత నిర్దాక్షిణ్యముగా చెప్పిన ఆంగ్లకథ అంతకుముందు అరుదు. 'ది రెకర్' అను మరియొక నవల (1892) మాత్రము వదులుగా నల్లినది. వైలీమా ఖర్చులు అధికము. ధనమునకై వ్రాసిన పుటలు అందు కనబడును.

రాజకీయములను గూర్చి కొంచెము. సమోవాపై అప్పుడు జర్మనీ, బ్రిటన్, అమెరికా మూడును కన్నువేసియుండెను. 1889 బెర్లిన్ ఒడంబడికచే మలియెతోవా లౌపేపాను రాజుగా నిలిపిరి. మతాఫా యను నాయకునికి ప్రజలలో పలుకుబడి యుండెను. స్టీవెన్సన్ మతాఫా పక్షము వహించి 'ఎ ఫుట్‌నోట్ టు హిస్టరీ' (1892) వ్రాసెను. లండను 'టైమ్స్' పత్రికకు లేఖలు పంపెను. 1893 యుద్ధమున మతాఫా ఓడిపోగా అతనిని మార్షల్ దీవులకు పంపివేసిరి. అతని పక్షపు నాయకులను ఆపియా చెరసాలలో పెట్టిరి. స్టీవెన్సన్ వారిని చూడబోయి ఆహారాదులు పంపుచుండెను. విడుదలైన నాయకులు కృతజ్ఞతగా 1894లో వైలీమాకు తమ చేతులతో బాట వేసిరి. సమోవా దేశమున బాట వేయుట కూలిపనిగా ఎంచబడును గనుక, నాయకులు గడ్డపార పట్టుట సామాన్యము గాదు.

ఆ బాట తెరచిననాడు అతడు చేసిన ప్రసంగమే అతని రాజకీయములకన్నిటికి సారము. పోరాటముచేత దేశము దక్కదు. నేలను దున్ని, చెట్లు నాటి, బాటలు వేసి వాడుకొననిచో దానిని ఇతరు లాక్రమింతురు. స్కాట్లండు కొండసీమలోను, ఐర్లండులోను, హవాయిలోను జరిగినది తాను చూచితినని అతడు చెప్పెను. తన జాతి పోగొట్టుకొన్నదానిని చూపి అన్యజాతిని హెచ్చరించుట యిది. దీనిలో లోపమును లేకపోలేదు. అతడు స్వయముగా అచ్చట భూమి కొన్న తెల్లవాడే. సేవకుల నడుమ పాతకాలపు వంశనాయకునివలె పెత్తనము చేసినవాడే. 'ఫుట్‌నోట్' గ్రంథమున నాయకుల పేర్లు, కాన్సళ్ల తగవులు ముసురుకొని కథ తెలియరాదు. అయినను 1889 మార్చి తుపానులో ఆపియా రేవున జర్మనీ, అమెరికా యుద్ధనౌకలు ధ్వంసమైన వృత్తాంతమును చెప్పిన అధ్యాయము అతని గద్యమున మొదటిపంక్తిలో నిలుచును.

ఇక స్వదేశ విషయకములైన రచనలు. దీవిలో నుండి దీవిని గూర్చి వ్రాయుట సహజము. ఆ దీవిలోనే అతడు 'కాట్రియోనా' (1893) వ్రాసెను. తన వంశపు ఇంజనీర్ల చరిత్ర వ్రాయబూనెను. 'వియర్ ఆఫ్ హెర్మిస్టన్' మొదలుపెట్టెను. ఇవన్నియు స్కాట్లండువే.

'కాట్రియోనా'ను చదివి హెన్రీ జేమ్స్ ఒక ఫిర్యాదు చేసెను: కంటికి కనబడునట్టి వర్ణన తక్కువైనదని. స్టీవెన్సన్ దానిని తప్పుగా నొప్పుకొనలేదు. విశేషణములపై యుద్ధము ప్రకటించితిననియు, దృశ్యమును తగ్గించుటయే తన యుద్దేశమనియు బదులు వ్రాసెను. యౌవనమున వన్నెచిన్నెల వచనమునకు పేరుపడినవాడు ఈ మాట యనుట గమనింపదగినది. కంటికి తగ్గించినదానిని అతడు చెవికి పెంచెను. ఆ నవలలో కథానాయకుని బాస్ రాక్ అను చిన్న రాతిదీవిలో నిర్బంధించినపుడు, కావలివాడొకడు టాడ్ లాప్రైక్ అను నేతగాని కథ చెప్పును. ఆ కథ మొత్తము స్కాట్సు భాషలో నున్నది.

స్కాట్సు అనగా స్కాట్లండు పల్లపుసీమల ప్రజల భాష. ఆంగ్లమునకు దగ్గరి చుట్టము. కొండసీమల గేలిక్ దానికి వేరు. ఒకప్పుడు రాజాస్థానమునను, న్యాయస్థానమునను వెలిగి, 1707లో ఇంగ్లండుతో ఏకీకరణము జరిగినపిదప క్రమముగా బడులనుండియు, పెద్దమనుష్యుల నోళ్లనుండియు తొలగి, పొలములకును వంటిండ్లకును పరిమితమైనది. స్టీవెన్సన్‌కు ఆ భాష వచ్చినది ఎక్కువగా దాదియైన అలిసన్ కన్నింగాం నోట, మతవీరుల కథల మూలమున. 'అండర్‌వుడ్స్' (1887) అను పద్యసంపుటమున రెండవ భాగము స్కాట్సులో వ్రాసి, ఈ భాష త్వరలో మరుగునపడునని విచారించి, అంతవరకైనను తనవారు తనను తమ భాషలో చదువవలెనని కోరుకొనెను. గద్యమున 1881లో వెలువడిన 'థ్రాన్ జేనెట్' దయ్యపుకథ తప్ప, ఆ భాషలో నతడు చేసినది ఐరోపాలో నున్నంతకాలము స్వల్పము.

'వియర్ ఆఫ్ హెర్మిస్టన్' ఆ కొరతను తీర్చినది. అందలి ప్రధానపాత్ర ఆడమ్ వియర్ అను పెద్ద న్యాయమూర్తి. పదునెనిమిదవ శతాబ్దిలో ఉరిశిక్షలకు పేరుమోసిన లార్డ్ బ్రాక్స్‌ఫీల్డు ఇతనికి మూలము. వియర్ న్యాయపీఠముపై గూర్చుండియు మోటు స్కాట్సులోనే మాటలాడును. ఉరికంబ మెక్కబోవువానిపై ఆ భాషలోనే పరిహాసమాడును. అతని యేకైకపుత్రుడు ఆర్చీ సుకుమారుడు. కొత్త చదువు చదివి మంచి ఆంగ్లము పలుకువాడు. డంకన్ జాప్ అను నీచుని తండ్రి ఉరితీయించిన తీరు చూచి, ఆర్చీ బహిరంగముగా ఉరిశిక్షను నిరసించును. తండ్రి అతనిని చదువు మాన్పించి హెర్మిస్టన్ పల్లెకు పంపివేయును.

తండ్రికొడుకుల వివాదమును న్యాయమునకును దయకును జరిగిన పోరుగా వర్ణించుట విమర్శకులకు అలవాటు. అది సగము నిజము. తండ్రి కొడుకును పిలిపించి మాటలాడు అధ్యాయమును చెవితో చదువవలెను. తండ్రి స్కాట్సులో గద్దించును. కొడుకు ఆంగ్లములో మర్యాదగా బదులు చెప్పును. ఒకే యింట రెండు భాషలు. తండ్రి భాషలో కాఠిన్యముతోబాటు హాస్యమున్నది, ఎంతో లోతున దాచిన ప్రేమయు నున్నది. ఆ ప్రేమ వినబడవలెనన్న ఆ భాషయే రావలెను. కొడుకునకు మోటుదనము మాత్రము వినబడును. తండ్రిని దుర్మార్గునిగా చిత్రించిన కథ యైనచో ఇది చిన్నకథ యగును. స్టీవెన్సన్ ఆ క్రూరుని నోట తన దేశభాషయొక్క సంపూర్ణ బలమును పెట్టెను. పాఠకుని బుద్ధి ఆర్చీ పక్షమున నిలుచును. చెవి మాత్రము ముసలివాని వైపు ఒరుగును. తమ పిల్లలు బడిభాషలో బదులు పలుకగా ఇంటిభాషలో కోపపడు తండ్రులు ఈ సభ్యులలో నెందరో కలరు. ఆ అధ్యాయము వారికి కొత్తగా తోచదు.

పల్లెలో ఇంటిపెత్తనము చేయు పెద్ద కిర్‌స్టీ మరియొక అపురూపమైన పాత్ర. ఏబదియేండ్లు దాటిన స్త్రీ. బిడ్డలు లేరు. ఆర్చీని కొడుకువలె చూచునో, మరేవిధముగా నభిమానించునో తనకే తెలియదు. తన అన్నకూతురగు చిన్న కిర్‌స్టీతో ఆర్చీకి కలిగిన చెలిమిని పసిగట్టి, ఒక రాత్రి అతని గదికి వచ్చి, తన గతమును చెప్పుకొని, ఆ పిల్లను అన్యాయము చేయవద్దని వేడుకొనును. ఆంగ్ల నవలలలో నడివయసు స్త్రీ హృదయము ఇంత గౌరవముతో వెల్లడియైన సందర్భములు కొద్ది. ఆమె మాటలను ఆంగ్లములోనికి మార్చి చూడుడు; నాటకీయత మిగులును, ఆమె మాత్రము మిగులదు. సేవకులచేత నవ్వు పుట్టించుటకు దేశభాషను వాడుట నవలాకారులకు వాడుక. ఇందు గొప్ప దుఃఖమునకును, గొప్ప అధికారమునకును అదే వాహకమైనది.

ఈ నవల రచింపబడిన పద్ధతియు గమనింపదగినది. వ్రాయుచేతికి తిమ్మిరి పట్టుటచే అతడు భార్య మొదటి పెండ్లి కుమార్తెయగు ఇసోబెల్‌చేత వ్రాయించుచుండెను. ఆమె అమెరికాలో పుట్టినది. స్కాట్సు ఆమెకు ఇంటిభాష గాదు. పనసచెట్ల నీడను, వానకాలపు హోరులో, ఆ భాష రాని యొకామెకు ఆ భాషను బిగ్గరగా పలికి వ్రాయించెను. వినబడునట్లు చెప్పబడినది గనుకనే ఆ సంభాషణలలో కాగితపు వాసన లేదు. మధుర, తంజావూరు నాయకరాజుల కొలువులలో తెలుగు గద్యమును, యక్షగానమును విరియుటకు కావేరీతీరపు నేల అడ్డుగాలేదని యెఱిగిన తెలుగు పాఠకునకు ఇది నమ్మరాని వింత గాదు.

దూరము తనంతట తానే మంచి గ్రంథమును పుట్టించునని మాత్రము చెప్పరాదు. అదే యింట, అవే యేండ్లలో, అదే స్కాట్లండును గూర్చి అతడు 'సెయింట్ ఐవ్స్' అను నవలయు వ్రాయుచుండెను. ఎడింబరో కోటలో చెరబడిన ఫ్రెంచి సైనికుడు తన కథ చెప్పుకొనుట అందలి యేర్పాటు. సంఘటనలకు కొదువలేదు, కోటగోడ దిగుట, వేషములు, పలాయనము అన్నియు నున్నవి. కాని కథ చెప్పువాడు పరాయివాడగుటచే దేశము తెరమీది బొమ్మగా మిగిలినది. స్టీవెన్సన్‌కే దానిపై గురి తక్కువ. మధ్యలో విడిచి 'వియర్' చేపట్టెను. అదియు అసంపూర్ణముగా నుండిపోగా క్విల్లర్ కూచ్ పూర్తిచేసి ప్రకటించెను. ఊరి పేర్లును, కొండల పేర్లును ఎన్ని చేర్చినను స్వదేశము రాదని ఈ రెండు నవలలు ప్రక్కప్రక్కన చదివినచో తెలియును.

1894 డిసెంబరు 3వ తేదీ ఉదయము 'వియర్' తొమ్మిదవ అధ్యాయములో కొన్ని పుటలు ఇసోబెల్‌చేత వ్రాయించెను. ఆర్చీయు చిన్న కిర్‌స్టీయు కలహించు ఘట్టమది. ఒక వాక్యము సగములో నాగినది. సాయంకాలము భార్యతో భోజనప్రయత్నములో నుండగా మెదడులో రక్తనాళము చిట్లి, ఆ రాత్రియే మరణించెను. వయస్సు 44 సంవత్సరములు. తెల్లవారులోపల సమోవావారు వాయియా కొండపైకి అడవి నరికి దారి తీసిరి. మరునాడు శిఖరమున సమాధి చేసిరి. సమాధిపై అతని ఆంగ్లపద్యముతోబాటు, నీ జనమే నా జనమను రూతు మాటలు సమోవా భాషలో చెక్కబడినవి.

నవలను 1896లో ప్రకటించునపుడు కాల్విన్, తరువాతి కథ యెట్లు నడువవలసియుండెనో ఇసోబెల్ చెప్పినదానిని చివర చేర్చెను. ఆ ప్రకారము ఆర్చీ హత్యాపరాధియై తండ్రి న్యాయాధికారమునకే లోబడవలెను. స్వంతకుమారుని విచారించుట తండ్రికి చెల్లునా యను న్యాయసందేహము స్టీవెన్సన్‌ను బాధించినది. అతడు పాతమిత్రుడును వకీలునైన చార్లెస్ బాక్స్‌టర్‌కు సమోవా నుండి వ్రాసి, స్కాట్లండు నేరవిచారణల పాతగ్రంథములు తెప్పించుకొనుటకు ప్రయత్నించెను. వకీలు వృత్తి విడిచిన పదునైదేండ్లకు పైబడిన పిదప ఆ చట్టములను మరల వెదకవలసివచ్చినది. ఆ సందేహమున కతడే సమాధాన మనుకొనెనో వ్రాతప్రతిలో లేదు. కాల్విన్ చేర్చిన ముగింపు చదివి తృప్తిపడువారు కలరు. కాని అందు వియర్ నోట ఒక్క పలుకైనను లేదు.